ఇంజినీరు గారికిచ్చిన టీ

మా ఇంట్లో టీ పెడితే పాలు విరిగిపోవడం మొదలైనప్పుడు మేం ముందుగా అనుమానించింది పాలు పోసేవాణ్ణి. రెండు వారాలు అతనితో గొడవపడి మాన్పించేశాం. రెండో అతన్ని పెట్టుకున్నాం. ఆ పాలూ విరిగాయి. అతన్నీ మాన్పించాం. మూడో అతను పెద్దమనిషి. ఒకరోజు దాహమేసి మా పెరట్లో కుళాయి తిప్పి దోసిట్లో పట్టుకుని తాగాడు. తాగినవి అక్కడే ఉమ్మేసి, క్యాన్ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మగారూ, తప్పు నా గేదెది కాదండి. మీ కుళాయిదండి."

మాది నరసాపురం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే చిన్న ఊరు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో డాబా ఎక్కితే కంటికి ఆనినంత మేర వరిచేలు కనిపించేవి. ఇప్పుడు అదే డాబా ఎక్కితే రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగే ఏరియేటర్లు కనిపిస్తాయి. ఊరి మంచినీళ్ళ చెరువు వాటి మధ్యలో చిక్కుకుపోయింది. వేసవిలో కాలువలు కట్టేసేముందు గోదావరి నీళ్ళతో దాన్ని నింపుతారు. ఊరంతటికీ కుళాయిల్లో వచ్చేది ఆ నీళ్ళే. చుట్టూ ఉప్పునీళ్ళ చెరువులు పెట్టుకుని మధ్యలో చెరువు తియ్యగా ఉండాలని మేమంతా ఎలా అనుకున్నామో ఇప్పుడు ఆలోచిస్తే నాకే ఆశ్చర్యం.

పాలతను చెప్పాక ఊళ్ళో ఒక్కొక్కళ్ళే బయటపడ్డారు. ఒకరింట్లో కందిపప్పు ఎన్ని కూతలొచ్చినా ఉడకడం లేదు. ఇంకొకరింట్లో సబ్బు నురగ రావడం లేదని మూడు రకాల సబ్బులు మార్చారు. ఇన్నాళ్ళూ ఎవరింటి లోపం వాళ్ళ ఇంటిదే అనుకుని ఎవరూ పైకి చెప్పలేదు. స్థోమత ఉన్నవాళ్ళం డబ్బా నీళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టాం. ప్రతి వంటింట్లోనూ రెండు రకాల నీళ్ళయ్యాయి. తాగడానికీ వంటకీ డబ్బా నీళ్ళు, మిగతా అన్నిటికీ కుళాయి నీళ్ళు.

ఆ తర్వాత మంచినీళ్ళ కమిటీ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు మా బావగారు. ఆయన మా ఆయనకి పెదనాన్నగారి అబ్బాయి. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందుంటారు. మంచినీళ్ళ చెరువుని ఆనుకుని ఉన్న మూడు రొయ్యల చెరువులూ ఆయనవే. మొదటి మీటింగు మా వీధి వరండాలో జరిగింది. ఎవరో ధైర్యం చేసి ఆ మాట ఎత్తారు.

"చెరువు నాదేనండి, కాదన్ను," అన్నారు బావగారు ఎంతో శాంతంగా. "ఉప్పు మాత్రం సముద్రానిదండి."

ఆ మాట ఎత్తినాయన మళ్ళీ కూర్చుండిపోయాడు. నిజానికి అక్కడ కూర్చున్న వాళ్ళలో సగంమందికి చెరువులున్నాయి. మావీ ఉన్నాయి, కౌలుకిచ్చాం. బావగారు రొయ్యల చెరువులో ఉప్పు కొలిచే మీటరు జేబులోంచి తీసి, సరదాకి మా కుళాయి నీళ్ళు కూడా కొలిచారు. మీటరు వెలుతురుకి పట్టి చూసి, "ఫరవాలేదురా, ఇంకాస్త పెరిగితే రొయ్యపిల్ల వదిలేయొచ్చు," అన్నారు మా ఆయనతో. ఆయన నవ్వించడానికే అన్నారనుకుంటాను. ఎవరూ నవ్వలేదు.

కమిటీ కార్యదర్శి మా ఆయన. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అర్జీ రాయమంటే ఊరి పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టి, నీటి విశిష్టత మీద నాలుగు పేజీలు రాసి, పదకొండో పేజీలో కుళాయి దగ్గరికొచ్చారు. బావగారు ఆ కాగితాలు చేత్తో బరువు చూసి, "ఒరేయ్, చదివేసరికి ఆఫీసరుకీ దాహమేస్తాదిరా," అన్నారు. చివరికి ఒక పేజీకి దింపారు. ఆ తగ్గించడంలో మా ఆయనకి వారం రోజులు అన్నం సయించలేదు.

అర్జీ చూసి నీటి సరఫరా ఆఫీసు నుంచి ఇంజినీరు గారు వస్తున్నారని కబురొచ్చింది. కమిటీ మళ్ళీ కూర్చుంది. ఆయనకి నోటితో చెబితే లాభం లేదు, కళ్ళారా చూపించాలన్నారు. మా ఆయనకి ఆలోచన వచ్చింది. కుళాయి నీళ్ళతో టీ పెట్టి ఆయన చేతికివ్వాలి. విరిగిన పాలు, ఉప్పటి టీ. ఇక వేరే రుజువు అక్కర్లేదు. అందరికీ నచ్చింది. టీ పెట్టే బాధ్యత నామీద పడింది.

"నువ్వేం చెయ్యక్కర్లేదే," అన్నారు మా ఆయన. "రోజూ చేసిన తప్పే ఇవాళా చెయ్యి."

ఇంజినీరు గారు మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చారు. బక్కపల్చటి మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో. జీపు పాడైతే బస్సులో వచ్చి, బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి ఎండలో నడిచొచ్చారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెప్పులు బయట విడిచి, కుర్చీ చివర కూర్చుని, లోపల నిలబడ్డ నన్ను చూసి, "మీరేం శ్రమ తీసుకోవద్దమ్మా," అన్నారు. అచ్చం మా తమ్ముడు అన్నట్టే ఉంది.

నేను వంటింట్లోకెళ్ళి కుళాయి నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టాను. పాలు పోశాను. నిమిషంలో విరిగాయి. చిల్లులు పడ్డ గుడ్డలా తేలుతున్న ఆ పాలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడే మా అత్తగారు వెనక నుంచి వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. ఆవిడకి ఎనభై దాటాయి. చెవులు సరిగ్గా వినబడవు గాని వంటింట్లో ఏం జరుగుతోందో ఆవిడకి తెలియకుండా ఉండదు.

"ఇదే ఆయనకిస్తావా?" అన్నారు.

"ఇమ్మన్నారు కదండి అత్తయ్యా. కమిటీ అంతా అనుకున్నారు."

"కమిటీ ఎవరింట్లో కూర్చుందే?"

"మనింట్లోనేనండి."

"మరి పేరు ఎవరికొస్తది?"

నేను ఆ గిన్నె సింకులో వంపేశాను. డబ్బా నీళ్ళు తీసుకుని, అల్లం దంచి, రెండు యాలకులు వేసి, చిక్కటి పాలతో మళ్ళీ టీ పెట్టాను. పళ్ళెంలో నాలుగు సున్నుండలు కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. చేతులు వాటంతటవే డబ్బా మూత తీసేశాయి.

ట్రే పట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి కమిటీ మొత్తం ముందుకి వంగి కూర్చుని ఉంది. ఇంజినీరు గారు కప్పు ఎత్తారు. మా ఆయన పెన్ను మూత తీశారు. బావగారు గొంతు సవరించుకున్నారు. ఇంజినీరు గారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు ముఖం చిట్లిస్తారని అందరూ చూస్తుండగా, ఆయన ఇంకో గుక్క తాగారు.

"అమ్మా, ఇంత మంచి టీ తాగి ఎన్నాళ్ళయ్యిందో. ఇంకో అర కప్పు ఉంటుందా?"

కమిటీ అంతా నావైపు తిరిగింది. నేను ట్రే వైపు చూశాను.

"అది కాదు సార్," అన్నారు మా ఆయన. "ఇది మా కుళాయి నీళ్ళతో పెట్టింది కాదండి. వేరే నీళ్ళండి."

"ఎందుకండి మొహమాటం. నీళ్ళు ఇంత బాగున్నాయి. మాది అనంతపురం వైపండి. ఇలాంటి నీళ్ళు చూస్తే మావాళ్ళు దండం పెడతారు."

ఆయన ఎంత ఆనందంగా అన్నారంటే, కాదని వాదించడానికి ఎవరికీ మనసొప్పలేదు. బావగారైతే అలవాటు కొద్దీ, "ఆయ్, అంతా మీ అభిమానమండి," అనేశారు. వెళ్ళేముందు ఇంజినీరు గారు సంచిలోంచి ఖాళీ సీసా తీసి, మీ ఇంటిపేరు రాసి పరీక్షకి పంపాలి, కాసిని నీళ్ళు పట్టివ్వండన్నారు. అప్పుడు మా ఆయన ముఖంలోకి కాస్త కళ వచ్చింది. గుమ్మంలో చేరి కూర్చున్న అత్తగారు లేచి సీసా అందుకుని లోపలికెళ్ళారు. నిండా పట్టి తీసుకొచ్చారు. సీసా మీద చీటీ అంటించి, మా ఇంటిపేరు, ఊరి పేరు రాసుకుని ఆయన వెళ్ళిపోయారు.

ఆయన సందు మలుపు తిరగగానే మా ఆయన నావైపు చూశారు.

"టీ సంగతి వదిలెయ్," అన్నారు. "సీసా వెళ్ళింది. రిపోర్టు అబద్ధమాడదు."

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. నీరు త్రాగుటకు యోగ్యముగా ఉన్నది అని ఉంది. మా ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు. ఎక్కడైనా పొరపాటు పడ్డారేమోనని వెనక్కి తిప్పి కూడా చూశారు. తర్వాత నెమ్మదిగా వెళ్ళి వాళ్ళమ్మ ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఆ రోజు సీసాలో నీళ్ళు ఎక్కడివి పట్టావు?"

"డబ్బావే," అన్నారావిడ. "దాని మీద మనింటి పేరు రాస్తానన్నాడు కదరా. ఊరూరా తిరిగే సీసా. ఉప్పునీళ్ళు ఎలా పంపుతాం?"

ఆ తర్వాత అయిదారు రోజులు మా ఆయన మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. మాట్లాడినా అర్జీ భాషలోనే. "భోజనము సిద్ధమైనచో తెలియజేయగలరు," అని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అనేవారు. నేనూ, "సిద్ధమైనది, తమరు విచ్చేయగలరు," అనేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం నా దగ్గరకొచ్చి, పైకి కాస్త తిట్టి, చివర్లో గొంతు తగ్గించి, తామైనా అదే చేసేవారమని చెప్పి వెళ్ళారు. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎంతైనా మర్యాద నిలబెట్టానుగదా అనుకున్నాను.

ఆ ధైర్యం ఎక్కువ రోజులు నిలవలేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఉంది. డ్రెయిను గట్టు మీద వాళ్ళ ఇల్లు. ఒకరోజు ఆవిడకి టీ ఇస్తూ, మీ ఇంట్లో కూడా పాలు విరుగుతున్నాయా అని అడిగాను. అంతవరకూ ఎందుకు అడగలేదో నాకు తెలియదు.

"మేం పాలు పొయ్యడం మానేశామండి," అంది. "నల్ల టీ అయితే విరగదు కదండి."

"మరి తాగడానికి?"

"అవేనండి. డబ్బాలు ఎక్కడ కొంటామండి. పిల్లలకి మొదట్లో కడుపు నొప్పొచ్చేదండి. ఇప్పుడు అలవాటైపోయింది."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. టీ బాగుందని చెప్పి గ్లాసు కడిగి బోర్లించింది. నాకు మాత్రం ఆ రిపోర్టులో ఉన్న మాటలు గుర్తొచ్చాయి. ఆవిడ పిల్లలు తాగుతున్న నీళ్ళు బాగున్నాయని మా ఇంటిపేరు మీద కాగితం వచ్చింది. ఆ సాయంత్రం నేనే మా ఆయన దగ్గర కూర్చుని, ఇంకో అర్జీ రాయమని అడిగాను. నేను చేసిందీ, అత్తగారు సీసాలో పట్టిందీ దాచకుండా రాయమన్నాను. ఆయన రాశారు. అందులో ఒక వాక్యం నాకింకా గుర్తుంది: "గతమున తమరు సేవించిన తేనీరు మా గ్రామ జలములకు ప్రాతినిధ్యము వహించదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాము."

ఆ వాక్యం చదివి ఆఫీసులో నవ్వుకున్నారట. కానీ ఇంజినీరు గారు మళ్ళీ వస్తానన్నారు.

ఈసారి బావగారు చాలా గట్టిగా ఉన్నారు. వరండాలో అందర్నీ కూర్చోబెట్టి ప్రమాణం చేయించినంత పని చేశారు. ఇంజినీరు గారు ఏ గుమ్మం ఎక్కినా కుళాయి నీళ్ళు తప్ప చుక్క ఇవ్వకూడదు. టీ లేదు, కాఫీ లేదు. అందరూ ఒప్పుకున్నారు. "ఆడవాళ్ళతోనే భయమండి," అని బావగారు నన్ను చూస్తూ అన్నారు. నేను తల దించుకున్నాను.

ఆయన వచ్చిన రోజు నేను కూడా వెంట తిరిగాను. నేను ఎవరినీ చెడగొట్టకుండా కళ్ళెదురుగా ఉంచుకోవాలని మా ఆయన పట్టుబట్టారు. మొదటి ఇంట్లో ఆయన కూర్చోగానే కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు. మా ఆయన ఉరిమి చూస్తే, "కొబ్బరినీళ్ళు నీళ్ళ కిందకి రావు కదండి మాస్టారూ," అన్నాడు ఆ ఇంటాయన. రెండో ఇంట్లో మజ్జిగ. అందులో ఉప్పు వాళ్ళే వేశారు కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చలేకపోయాం. మూడో ఇంట్లో కూల్ డ్రింకు సీసా మూత తీసేసి ఉంది, వద్దంటే పారబొయ్యాలి. నాలుగో ఇంటి గుమ్మంలో ఇంజినీరు గారు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నీళ్ళు చూపించండి చాలు, ఇవ్వద్దు," అని బతిమాలుకున్నారు. అయినా వాళ్ళు మామిడిపండు కోశారు.

మధ్యాహ్నమయ్యేసరికి ఆయన నోట్లో ఊరి కుళాయి నీళ్ళు ఒక్క చుక్క పడలేదు. బావగారు చాలా కోపంగా ఉన్నారు. "ఈ ఊరు బాగుపడదురా," అన్నారు మా ఆయనతో. అని, ఇంజినీరు గారి వైపు తిరిగి, "సార్, భోజనానికి మా ఇంటికి రండి. అన్నీ రెడీ అయ్యాయి," అన్నారు.

మా ఆయన పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

బావగారి భార్య, మా తోడికోడలు, అరిటాకు వేసి వడ్డించింది. రొయ్యల వేపుడు, గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. అంతా డబ్బా నీళ్ళతో వండిందేనని నాకు వాసనతోనే తెలిసిపోయింది. చెయ్యి కడుక్కోవడానికి కూడా చెంబుతో డబ్బా నీళ్ళు పెట్టి, భుజాన తువ్వాలు వేసుకుని పక్కనే నిలబడింది. ఇంజినీరు గారు తిని లేచారు. చెంబు అందుకోబోయి, ఆవిడ వయసు చూసి ఆగిపోయారు.

"మీరు పొయ్యడమేంటమ్మా. కుళాయి ఉంది కదా."

ఆవిడ వద్దు వద్దంటూనే ఉంది. ఆయన పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి తిప్పి, చేతికి సబ్బు రాసుకున్నారు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత దోసిటినిండా నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని పుక్కిలించారు.

అంత మంచి భోజనం చేసిన మనిషి ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. ఒక కన్ను మూసుకుపోయింది. ఉమ్మాలంటే ఎదురుగా మా తోడికోడలు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. కాసేపు బుగ్గలు అలాగే పూరించుకుని ఉండిపోయి, చివరికి అరటి మొక్క వైపు తిరిగి ఉమ్మేశారు.

"ఇదేంటండి ఇది?"

"ఇదేనండి," అన్నారు మా ఆయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదేనండి సార్ మేం రాసింది."

ఇంజినీరు గారు అప్పటికప్పుడు సంచిలోంచి సీసా తీసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే పట్టుకున్నారు. మా అత్తగారు ఆ ఇంట్లో లేరు గదా అని చుట్టూ ఒకసారి చూశారు కూడా. తర్వాత నావైపు తిరిగారు.

"అమ్మా, ఆ రోజు టీ..."

"డబ్బా నీళ్ళండి. క్షమించండి," అన్నాను.

"మీరు విరిగిన టీ ఇచ్చుంటే ఆ రోజే తేలిపోయేది కదమ్మా."

నిజమేనండి అన్నాను. డ్రెయిను గట్టు మీద ఇళ్ళకి కూడా వెళ్ళండని అడిగాను. వెళ్ళారు. మా అంట్లావిడ ఇంట్లో ఆయనకి నల్ల టీ ఇచ్చారు, కుళాయి నీళ్ళతో. ఆయన పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. ఆ ఇంట్లో చాలాసేపు కూర్చుని, పిల్లల సంగతులు అడిగి రాసుకున్నారు.

రెండో రిపోర్టు అబద్ధమాడలేదు. మంచినీళ్ళ చెరువు చుట్టూ లోతుగా ఊట కాలువ తవ్వాలన్నారు, ఉప్పు అందులోకి దిగిపోయేలా. ఆనుకుని ఉన్న రొయ్యల చెరువు గట్లు వెనక్కి జరపాలన్నారు. అంటే బావగారివి. మేమంతా ఆయన ముఖం చూశాం. ఆయన రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్నే మట్టి తవ్వే ప్రొక్లెయినర్ చప్పుడు వినబడి వెళ్ళి చూస్తే, బావగారే గొడుగేసుకుని నిలబడి గట్టు తవ్విస్తున్నారు. మా ఆయన దగ్గరికెళ్ళి ఏదో మెచ్చుకోబోయారు. "ఊరుకోరా," అన్నారు బావగారు. "పుక్కిలించింది మా ఇంట్లో. ఆ ముఖం నాకింకా కనబడుతోంది."

ఆ వేసవిలో మంచినీళ్ళ చెరువు మొత్తం తోడేసి పూడిక తీశారు. కాలువలకి నీళ్ళు వదిలాక గోదావరి నీళ్ళు తూములోంచి ఎర్రగా, నురగలు కక్కుతూ వచ్చి పడ్డాయి. నాలుగు రోజులకి తేటపడ్డాక, ఫిల్టరై కుళాయిల్లోకి వచ్చిన రోజున మా పెరట్లో పండగలా ఉంది. అత్తగారు చేతికర్ర పట్టుకుని వచ్చి కుళాయి దగ్గర పీట వేయించుకుని కూర్చున్నారు. నేను గ్లాసుతో పట్టిచ్చాను. ఆవిడ గుక్కెడు తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగారు. మా ఆయన, బావగారు, మా అంట్లావిడ అందరం ఆవిడ ఏమంటారోనని చూస్తున్నాం.

"చప్పగా ఉన్నాయేంటే," అన్నారావిడ.

మంచినీళ్ళు అలాగే ఉంటాయమ్మా అని మా ఆయన వివరంగా చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ సగం దాకా విని, మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసేసి లోపలికెళ్ళిపోయారు.